పొరుగువారి గొంతు మనకు వినిపిస్తోందా?

సర్వ స్తోత్రాలు అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు కురియుగాక!

కొన్నేళ్ల కిందటి మాట. రాయలసీమలోని ఒక చిన్న పట్టణంలో మేము ఇమామ్‌గా పనిచేస్తున్న రోజులవి. మస్జిద్ వెనుక గోడను ఆనుకుని ఒక సందు ఉండేది. సందు మొదట్లో రేకుల ఇంట్లో ఒక అవ్వ ఒంటరిగా ఉండేది. బొగ్గుల ఇస్త్రీపెట్టెతో నలుగురి బట్టలకు ఇస్త్రీ చేసి బతికేది. జుమా నాడు మేము తొడుక్కునే జుబ్బా కూడా ఆమె ఇస్త్రీ చేసినదే. ఆమె ముస్లిం కాదు. మా మధ్య నడిచే మాటలు రెండే. 'ఎంత అవ్వా?' అని మేము అడిగేవాళ్లం. 'నీ ఇష్టం సాయిబూ' అని ఆమె అనేది.

రమజాన్ చివరి పది రోజులు. ఒక సాయంత్రం ఆమె ఇంటి వెనుక నీళ్ల తొట్టి దగ్గర కాలు జారి పడింది. తుంటి ఎముక విరిగింది. లేవలేకపోయింది. గోడకు ఇవతల మస్జిద్‌లో ఇఫ్తార్ జరిగింది, మిగిలిన పండ్లు, హలీమ్ పంచుకున్నాము. తరావీహ్ జరిగింది. ఆ తర్వాత మేము మైకు ముందు కూర్చుని ప్రసంగించాము. ఆనాటి అంశం ఏమిటో తెలుసా? పొరుగువారి హక్కులు! తెల్లవారి పాలు పోసే అబ్బాయి వచ్చి చూసేదాకా ఆమె ఆ నేల మీదే పడి ఉంది.

ఆసుపత్రికి చూడబోయినప్పుడు ఆమె మమ్మల్ని ఒక్క మాట కూడా నిందించలేదు. 'నీ గొంతు రాత్రంతా నాకు వినిపిస్తానే ఉండె సాయిబూ. నేనూ పిలిచినా. నా గొంతే మీకు వినపడలేదు' అంది, అంతే.

ఆ మాట మేము నేటికీ మరువలేదు. మన మస్జిదుల గొంతు వీధి వీధికీ చేరుతోంది. వీధి గొంతు మాత్రం మస్జిద్‌కు చేరడం లేదు. ఈ పాఠంలో మనం తెలుసుకోవలసిన విషయం ఇదే. పొరుగువారికి సేవ చేయడమంటే ముందుగా వారిని ఎరిగి ఉండడం. ఎరుగని వారికి ఎవరూ సేవ చేయలేరు.

పొరుగువాడు అంటే ఎవరు?

దివ్య ఖుర్ఆన్ నిసా సూరా 36వ ఆయతులో అల్లాహ్ తన ఆరాధన గురించి ఆదేశించాడు. తల్లిదండ్రులు, బంధువులు, అనాథలు, నిరుపేదల పట్ల సద్వర్తన గురించి చెప్పాడు. ఆ వరుసలోనే మూడు రకాల పొరుగువారిని పేర్కొన్నాడు. మొదటివారు బంధువులైన పొరుగువారు. రెండవవారు బంధుత్వం లేని పొరుగువారు. వీరిలో ముస్లిమేతరులు కూడా చేరతారని పలువురు వ్యాఖ్యాతలు వివరించారు. మూడవవారు పక్కన ఉండే తోడు, అంటే ప్రయాణంలో పక్కన కూర్చున్నవాడు, పనిలో జతగా ఉన్నవాడు. కర్నూలు నుంచి హైదరాబాదు దాకా బస్సులో మన పక్క సీట్లో కూర్చున్న మనిషికి కూడా ఆ కొన్ని గంటలు మనపై హక్కు ఉందన్నమాట.

పొరుగు ఎంతవరకు అని హజ్రత్ హసన్ బస్రీ (రహ్మతుల్లాహి అలైహి)ని అడిగితే ముందు నలభై ఇళ్లు, వెనుక నలభై, కుడివైపు నలభై, ఎడమవైపు నలభై అని చెప్పారు. ఇమామ్ బుఖారీ తమ 'అల్ అదబుల్ ముఫ్రద్'లో దీనిని ఉల్లేఖించారు. ఈ లెక్క ప్రకారం ఒక్కో ఇంటి చుట్టూ నూట అరవై ఇళ్లు. వాటిలో ఎన్ని ఇళ్లవారి పేర్లు మనకు తెలుసు?

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట ఒక గొర్రెను జబహ్ చేశారు. ఆయన ఇంటికి రాగానే, మన యూదు పొరుగువానికి పంపారా, పంపారా అని మరీ మరీ అడిగారు. పొరుగువారి గురించి జిబ్రీల్ (అ) ఎంతగా తాకీదు చేస్తూ వచ్చారంటే, వారిని ఆస్తిలో వారసులుగా కూడా చేసేస్తారేమోనని తనకు అనిపించిందని దైవప్రవక్త (సఅసం) చెప్పగా తాను విన్నానని ఆయన గుర్తుచేశారు (అబూదావూద్, తిర్మిజీ). ఆ సహాబీ ఈ హదీసును ముస్లిం పొరుగువారికే పరిమితం చేయలేదన్న సంగతి మనం గమనించాలి.

ఇది ఉపకారం కాదు, హక్కు

మనం సాధారణంగా సేవను ఉపకారంగా భావిస్తాము. చేస్తే పుణ్యం, చేయకపోతే నష్టమేమీ లేదనుకుంటాము. ఇస్లాం దీనిని దాసుల హక్కుల (హుఖూఖుల్ ఇబాద్) జాబితాలో చేర్చింది. తన పక్కింటివాడు ఆకలితో ఉండగా తాను కడుపు నిండా తినేవాడు విశ్వాసి కాడని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖించిన హదీసులో ఉంది. ఇందులో పక్కింటివాడు వచ్చి అడిగినా ఇవ్వనివాడు అనలేదు. అడగకపోయినా అతని ఆకలి మనకు తెలిసి ఉండాలి. 'మాకు తెలియదండీ' అనే జవాబు ప్రళయ దినాన ఎంతవరకు చెల్లుతుందో మనలో ప్రతి ఒక్కరం ఆలోచించుకోవాలి. ఆ అవ్వ విషయంలో మా దగ్గర ఉన్న జవాబు కూడా అదొక్కటే.

హిరా గుహలో తొలి దైవవాణి అవతరించిన తర్వాత దైవప్రవక్త (సఅసం) వణుకుతూ ఇంటికి వచ్చిన ఘట్టం మనందరికీ తెలిసిందే. అప్పుడు హజ్రత్ ఖదీజా (రజి) ఆయనకు ధైర్యం చెప్పారు. అల్లాహ్ మిమ్మల్ని ఎన్నటికీ అవమానపరచడు అంటూ దానికి కారణాలు చెప్పారు. మీరు బంధుత్వాన్ని నిలుపుతారు, బలహీనుల భారం మోస్తారు, లేనివారికి సంపాదించి పెడతారు, అతిథులను ఆదరిస్తారు, ఆపదలో ఉన్నవారికి అండగా నిలుస్తారు అన్న భావంతో ఆమె పలికిన మాటలు బుఖారీ గ్రంథం ఆరంభంలోనే ఉన్నాయి. ఐదు పూటల నమాజు, రమజాను ఉపవాసాలు ఇంకా విధి కాని రోజులవి. అప్పటికే మక్కా వీధుల్లో ఆయన ఎలాంటి పొరుగువారో అందరికీ తెలుసు.

హజ్రత్ అబూబక్ర్ (రజి) మదీనా శివారులోని సున్హ్‌లో ఉండే రోజుల్లో ఇరుగుపొరుగు వారి మేకల పాలు పితికి ఇచ్చేవారు. ఆయన ఖలీఫా అయ్యాక ఒక అమ్మాయి, ఇక మన మేకల పాలు ఎవరు పితుకుతారు అని దిగులుపడింది. అది విన్న ఆయన, నేనే పితుకుతాను, ఈ పదవి నా పాత అలవాటును మార్చకూడదని కోరుకుంటున్నాను అన్నారు. ఖలీఫాకే తీరిక దొరికిన పనికి మనకు తీరిక లేదంటే ఎవరు నమ్ముతారు?

బిందె, గిన్నె కూడా ఇవ్వనివారు

మాఊన్ సూరా మనలో చాలామందికి కంఠస్థమే. ఏడు చిన్న ఆయతులు. తమ నమాజుల పట్ల ఏమరుపాటుగా ఉంటూ, ప్రదర్శనాబుద్ధితో ఆచరిస్తూ, చిన్నపాటి వాడుక వస్తువులు కూడా ఇవ్వకుండా ఆపేసేవారికి అందులో హెచ్చరిక ఉంది. 'మాఊన్' అంటే ఏమిటి? దైవప్రవక్త (సఅసం) కాలంలో బిందె, వంటపాత్ర వంటివి ఎరువిచ్చుకోవడాన్ని తాము మాఊన్‌గా లెక్కించేవారమని హజ్రత్ ఇబ్నె మస్ఊద్ (రజి) చెప్పారు (అబూదావూద్). నమాజును, పక్కింటికి ఇచ్చే గిన్నెను అల్లాహ్ ఒకే చోట ప్రస్తావించాడు. ఆ సూరాను నమాజులో పఠించి, సలాం తిప్పి, ఇంటికి వెళ్లి నిచ్చెన అడిగిన పొరుగువానికి లేదని చెప్పడం ఎంత విచిత్రం!

చిన్నదని సిగ్గుపడనక్కరలేదు. గొర్రె గిట్ట అయినా సరే, పొరుగింటికి పంపడాన్ని తక్కువగా చూడవద్దని దైవప్రవక్త (సఅసం) ప్రత్యేకించి స్త్రీలను ఉద్దేశించి చెప్పారు (బుఖారీ, ముస్లిం). కూర వండితే కాస్త నీళ్లు ఎక్కువ పోసి పొరుగువారికి ఇవ్వమని హజ్రత్ అబూజర్ (రజి)కి బోధించారు (ముస్లిం). ఇద్దరు పొరుగువారుంటే ఎవరికి ముందు పంపాలని హజ్రత్ ఆయిషా (రజి) అడిగితే, ఎవరి తలుపు దగ్గరగా ఉంటే వారికి అని చెప్పారు (బుఖారీ). నిజానికి వీధిలో ఎవరికి జ్వరం, ఎవరి పొయ్యి వెలగలేదు అన్నది మగవారికన్నా ముందు స్త్రీలకే తెలుస్తుంది. కనుక ఈ పనిలో మన అక్కాచెల్లెళ్ల పాత్ర మస్జిద్ కమిటీ పాత్రకన్నా తక్కువేమీ కాదు.

బాధ పెట్టకపోవడమే తొలి సేవ

ఎవరి కీడు నుంచి పొరుగువాడు నిశ్చింతగా ఉండడో అతడు విశ్వాసి కాడని దైవప్రవక్త (సఅసం) అల్లాహ్‌పై ప్రమాణం చేసి మూడుసార్లు చెప్పారు (బుఖారీ). సేవా కార్యక్రమాలు మొదలుపెట్టే ముందు ఈ అద్దంలో మనల్ని మనం చూసుకోవాలి. జుమా నాడు తొందరలో పక్కవారి గేటుకు అడ్డంగా మోటారు సైకిల్ నిలిపి లోపలికి వెళ్తున్నామా? ఆ ఇంట్లో రోగిని ఆసుపత్రికి తీసుకెళ్లవలసి వస్తే? బక్రీద్ నాడు ఖుర్బానీ వ్యర్థాలను వీధి మలుపులో పారవేస్తున్నామా? పెళ్లింట్లో అర్ధరాత్రి దాకా పాటలు మోగిస్తున్నామా? దారిలో నుంచి బాధ కలిగించే వస్తువును తొలగించడం ఈమాన్ శాఖల్లో ఒకటైనప్పుడు, దారిలో దానిని పడవేయడాన్ని ఏమనాలి?

నమాజులు, ఉపవాసాలు, దానాలు ఎక్కువగా చేస్తూ నోటితో పొరుగువారిని బాధించే ఒక స్త్రీ గురించి చెప్పినప్పుడు, ఆమె నరకానికి పోతుందని దైవప్రవక్త (సఅసం) అన్నారు. తక్కువ ఆరాధన చేసినా ఎవరినీ బాధించని మరొక స్త్రీ స్వర్గానికి పోతుందని చెప్పారు (అహ్మద్). ఆరాధన తక్కువ చేయమని దీని అర్థం కాదు. పొరుగువారి హక్కును ఆ ఆరాధన చెరిపివేయదని అర్థం.

ఎవరి కోసం చేస్తున్నాం?

నేడు సేవకు పట్టిన పెద్ద రోగం ఫొటో. ఒక బియ్యం సంచిని ఆరుగురు పట్టుకుంటారు, తీసుకునే పేదవాడు తల దించుకుంటాడు, ఆ బొమ్మ సాయంత్రానికి ఊరంతా తిరుగుతుంది. దెప్పిపొడిచి, బాధించి దానాన్ని వృథా చేసుకోవద్దని బఖరా సూరా 264వ ఆయతులో అల్లాహ్ హెచ్చరించాడు. పేదవాని ముఖాన్ని నలుగురికీ చూపడం దెప్పిపొడవడంలో భాగమేనని మేము భావిస్తాము.

మరొక ప్రశ్న కూడా వస్తుంటుంది. ముస్లిమేతరులకు సేవ చేస్తే వారు మన ధర్మం వైపు వస్తారా? సోదరులారా, సేవ ఎర కాదు. నిరుపేదకు, అనాథకు, ఖైదీకి అన్నం పెట్టే సజ్జనులు ప్రతిఫలం గానీ, కృతజ్ఞత గానీ ఆశించరని, కేవలం దైవ ప్రసన్నత కోసమే పెడతారని దహ్ర్ సూరా 8, 9 ఆయతుల భావం. మనతో ధర్మం విషయంలో యుద్ధం చేయని వారి పట్ల మంచిగా, న్యాయంగా మెలగడాన్ని అల్లాహ్ వారించడం లేదని ముమ్తహనా సూరా 8వ ఆయతు స్పష్టం చేసింది. హృదయాలను మార్చేవాడు అల్లాహ్. మన పని మన బాధ్యత నెరవేర్చడం.

మంచి పనికి ఇతరులతో చేయి కలపడానికీ సంకోచించనక్కరలేదు. దైవదౌత్యానికి పూర్వం యమన్ వ్యాపారి ఒకరికి మక్కా పెద్ద ఒకడు సరుకు తీసుకుని డబ్బు ఇవ్వలేదు. అప్పుడు అబ్దుల్లాహ్ బిన్ జుద్ఆన్ ఇంట కొందరు పెద్దలు సమావేశమై, పీడితుని పక్షాన నిలుస్తామని ప్రమాణం చేశారు. దానికే హిల్ఫుల్ ఫుజూల్ అని పేరు. యువకులుగా ఉన్న దైవప్రవక్త (సఅసం) అందులో పాల్గొన్నారు. ఇస్లాం వచ్చిన తర్వాత కూడా అలాంటి ఒప్పందానికి పిలిస్తే వెళ్తానని ఆయన చెప్పారు.

మన దగ్గరి ఉదాహరణలు

2020, 2021 కరోనా రోజుల్లో అయినవారే దగ్గరకు రాని మృతదేహాలను తిరుపతి మొదలుకొని మన పలు పట్టణాల్లో ముస్లిం యువకులు మోశారు. హిందూ సోదరులకు వారి ఆచారం ప్రకారమే అంత్యక్రియలు జరిపించారు. 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు పొంగి ప్రకాశ్‌నగర్ వంతెనపై తొమ్మిది మంది చిక్కుకుపోయారు. హర్యానా నుంచి వచ్చి ఇక్కడ పనిచేసుకుంటున్న ఒక ముస్లిం సోదరుడు జేసీబీతో వరదలోకి వెళ్లి ఆ తొమ్మిది మందినీ బయటికి తెచ్చాడు. పోతే తనది ఒక్క ప్రాణం, తిరిగి వస్తే తొమ్మిది ప్రాణాలు అన్నది అతని ఆలోచన.

ఇవి మనకు గర్వకారణాలే. కానీ వరద ప్రతి రోజూ రాదు. అవ్వలు కాలు జారి పడడం ఏ రోజైనా జరగవచ్చు. ఆపద రోజున చూపిన ఆ గుండె మామూలు మంగళవారం నాడు కూడా ఉండాలి.

మస్జిద్ కేంద్రంగా ఏమి చేయవచ్చు?

ఆ సంఘటన తర్వాత మస్జిద్ కమిటీతో, యువకులతో కూర్చుని కొన్ని పనులు మొదలుపెట్టాము. వాటిలో నిలిచినవి ఇవి:

1. మస్జిద్ చుట్టూ నలభై ఇళ్ల వివరాలు ఒక పుస్తకంలో రాసుకున్నాము. ఒంటరి వృద్ధులు, మంచాన పడినవారు, రక్తం ఇవ్వగలవారు ఎవరెవరు అన్నది మతంతో పని లేకుండా రాశాము. ఆ పుస్తకం ఒక నమ్మకస్తుని దగ్గరే ఉంటుంది. అందులోని విషయం మైకులో చెప్పరు.

2. ఒంటరిగా ఉన్న ప్రతి వృద్ధునికీ ఒక యువకుణ్ణి అప్పగించాము. ఫజ్ర్ నమాజు నుంచి ఇంటికి వెళ్తూ ఒకసారి, ఇషా తర్వాత ఒకసారి తలుపు దగ్గర పలకరించడమే అతని పని.

3. మస్జిద్‌లో ఒక గదిని 'మాఊన్' గదిగా చేశాము. చక్రాల కుర్చీ, చేతికర్రలు, నిచ్చెన, పెద్ద డేగిసాలు, చాపలు, టార్పాలిన్ అందులో ఉంచాము. ఎవరు అడిగినా రాసుకుని ఇస్తారు.

4. ఆదివారం అసర్ తర్వాత చదువుకున్న పిల్లలు ఒక గంట కూర్చుంటారు. పింఛను, ఆధార్, స్కాలర్‌షిప్ దరఖాస్తులు నింపి పెడతారు.

కొన్ని నిలవలేదు కూడా. ప్రతి వారం వీధి ఊడుస్తామని మొదలుపెట్టి రెండు నెలలకు ఆపేశాము. తక్కువ చేసినా నిలకడగా చేసే పనే అల్లాహ్‌కు ఎక్కువ ఇష్టమన్న హదీసును మేము అప్పుడు అనుభవంతో తెలుసుకున్నాము.

ధనం విషయంలో జాగ్రత్తలు

మస్జిద్ కోసమని ఇచ్చిన చందాను, వక్ఫ్ ఆదాయాన్ని ఇచ్చినవారి ఉద్దేశానికి భిన్నంగా ఖర్చు చేయరాదు. అందుకే సేవ కోసం వేరే పెట్టె, వేరే లెక్క ఉండాలి. జకాత్‌ను తౌబా సూరా 60వ ఆయతులో చెప్పిన ఎనిమిది పద్దుల్లోనే వెచ్చించాలి. అత్యధిక ధర్మవేత్తల ప్రకారం పేదల పద్దు కింద దానిని ముస్లిం పేదలకే ఇవ్వాలి. ఐచ్ఛిక దానాలు (నఫిల్ సదఖా) ముస్లిమేతర పొరుగువారికి నిస్సంకోచంగా ఇవ్వవచ్చు. ఖుర్బానీ మాంసం కూడా ఇవ్వవచ్చు. అయితే వారు తినేదేదో తెలుసుకుని పంపడం మర్యాద. మాంసం ముట్టని ఇంటికి పండ్లు గానీ, షీర్ ఖుర్మా గానీ పంపండి.

తాళంచెవి

అవ్వ కోలుకుంది. కర్ర పట్టుకుని నడిచేది. కొన్ని నెలల తర్వాత ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి మా ఇంటావిడ చేతిలో ఒక తాళంచెవి పెట్టింది. 'ఇంటికి ఇది రెండోదమ్మా. మీ కాడ పెట్టుకోండి. నేను పలక్కపోతే మీరే తీసి చూడండి' అంది.

మక్కావారు దైవప్రవక్త (సఅసం)ను వ్యతిరేకిస్తూనే తమ సొమ్ములు ఆయన దగ్గరే దాచుకునేవారు. హిజ్రత్ రాత్రి ఆ అమానత్‌లను తిరిగి అప్పగించడం కోసం ఆయన హజ్రత్ అలీ (రజి)ని వెనుక ఉంచి వెళ్లారు. ఆయన అనుచరులమని చెప్పుకునే మన దగ్గర పొరుగువారు తమ ఇంటి తాళంచెవి ఉంచగలరా? మన పొరుగుతనానికి ఇంతకన్నా మంచి కొలబద్ద మాకు తెలియదు.

ఇంటిల్లిపాదీ కలిసి ఆలోచించండి

– మన ఇంటికి ఇరువైపులా ఉన్న పది ఇళ్లవారి పేర్లు మనలో ఎవరెవరికి తెలుసు?
– గత నెల రోజుల్లో పొరుగింటికి మనం ఏమి పంపాము? వారి నుంచి ఏమి అడిగి తెచ్చుకున్నాము?
– మన వల్ల పొరుగువారికి కలుగుతున్న ఇబ్బంది ఏదైనా ఉందా? ఈ వారమే దానిని ఎలా మానుకోగలం?
– మన వీధిలో ఒంటరిగా ఉన్నవారు ఎవరు? వారిని రోజూ పలకరించే బాధ్యత మన ఇంట్లో ఎవరిది?

ఓ అల్లాహ్! మా చెవులను మా పొరుగువారి పిలుపు వినగలిగేవిగా చేయి. మా చేతుల నుంచి, నోటి నుంచి వారిని సురక్షితంగా ఉంచు. మేము చేసే కొద్దిపాటి సేవను ప్రదర్శనాబుద్ధి నుంచి కాపాడి స్వీకరించు. ఆమీన్.